బోరు మోటారు డ్రైవులో ఎర్తు ఫాల్టు: దోషమున్న చోటు కనుగొను విధము

వెంకటగిరికోట, పలమనేరు, కుప్పము, పుంగనూరు ప్రాంతములలో టమాటా, మల్బరీ, కూరగాయల సేద్యము చాలవరకు బోరుబావుల మీదనే ఆధారపడి యున్నది. అడుగున గట్టి రాయి యగుటచే నీరు రాతి పగుళ్ళలో మాత్రమే దొరకును. వెయ్యి అడుగులు దాటిన బోరులు ఇచ్చట వింత కాదు. అంత లోతునకు దించిన మోటారును నడుపుటకు ఇదివరలో స్టార్టరు పెట్టె ఒక్కటియే యుండెడిది. సౌరశక్తి పంపుసెట్లు వచ్చిన తరువాత, అందును 2019లో కేంద్ర ప్రభుత్వము పి.ఎం. కుసుమ్ పథకమును ప్రారంభించిన పిమ్మట, డ్రైవు లేక కంట్రోలరు అను మరియొక పెట్టె రైతుల షెడ్డులలోనికి వచ్చినది. లైను కరెంటు మీద నడచు మోటార్లకు కూడ కొందరు దీనిని పెట్టించుకొనుచున్నారు. ఫ్యాక్టరీలలో మోటారు వేగమును పెంచుటకును తగ్గించుటకును వాడెడు పరికరమే ఇది.

ఈ పెట్టె మోటారును నిలిపివేసి, ఎర్తు ఫాల్టు అని గాని, దానికి గుర్తుగా ఒక అక్షరమో అంకెయో గాని చూపినపుడు రైతులు సాధారణముగా నాలుగు పనులలో ఒకటి చేయుచున్నారు. కొందరు రీసెట్టు మీట నొక్కి మరల మరల నడుపజూతురు. కొందరు పెట్టెయే చెడినదని తలచి దానిని తప్పించి మోటారును పాత స్టార్టరుకు కలుపుదురు. కొందరు ఎర్తు తీగయే తగవునకు మూలమని దానిని ఊడదీయుదురు. తక్కినవారు వెంటనే బండిని పిలిపించి వెయ్యి అడుగుల పైపులు పైకి లాగింతురు. మొదటి మూడును ప్రమాదకరములు. నాలుగవది ఒక్కొక్కపుడు తప్పదు గాని, దోషము బోరు లోపల గాక బోరు మూతి దగ్గరనో, షెడ్డు నుండి బోరు వరకు పూడ్చిన కేబులులోనో ఉండుట కూడ కలదు. పైపులు లాగుటకు కూలియు, బండి బాడుగయు, పైరు ఎండు దినములును లెక్క వేసి చూచినచో, ముందుగా ఒక పూట వెచ్చించి దోషమున్న చోటు తెలిసికొనుట ఎంతయో చౌక.

పెట్టె పనిచేయు తీరు

లైను కరెంటు మీద నడచు డ్రైవులో మూడు ఫేజుల ఏ.సి. కరెంటు ముందుగా డి.సి.గా మారును. 415 వోల్టుల లైనుకు లోపల సుమారు 585 వోల్టుల డి.సి. తయారగును. దానిని కెపాసిటర్లు నిలువ యుంచును. తరువాత ఆరు ఎలక్ట్రానిక్ స్విచ్చులు ఆ డి.సి.ని సెకనుకు కొన్ని వేల సార్లు తునుకలుగా కోసి, కావలసిన వేగమునకు తగినట్లు మూడు ఫేజులుగా మోటారునకు పంపును. సౌర పంపుసెట్టులో మొదటి మెట్టు లేదు. పలకల నుండి డి.సి. నేరుగా వచ్చును. ఎండ హెచ్చిన కొలది మోటారు వేగము హెచ్చును, మబ్బు పట్టినచో తగ్గును.

మోటారునకు పోవు మూడు తీగలలోని కరెంటును పెట్టె ఎల్లప్పుడు కొలుచుచుండును. అంతయు సవ్యముగా నున్నచో ఒక తీగలో వెళ్ళినది తక్కిన తీగలలో తిరిగి వచ్చును. ఏ క్షణమున చూచినను మూడింటి మొత్తము సున్న. అట్లు కానిచో ఆ తేడా ఎచ్చటనో నేలలోనికి పోవుచున్నదని అర్థము. తూము వద్ద వదలిన నీరు మడికి చేరకపోయినచో కాలువకు గండి పడినదని మనము గ్రహింపమా? పెట్టె చేయునదియు అంతియే. గండి ఉన్నదని చెప్పును. ఎచ్చట ఉన్నదో చెప్పదు. అది వెదకుకొనుట మన పని.

స్టార్టరుకు కనబడనిది

"స్టార్టరు మీద నడచిన మోటారు డ్రైవు మీద ఏల నడువదు? కాబట్టి డ్రైవే చెడినది" అను వాదము తరచుగా వినబడును. ఒక లెక్క వేసి చూతము. 7½ హార్సుపవరు బోరు మోటారు సుమారు 14 ఆంపియర్లు తీసికొనుచున్నదనుకొనుడు. నీటిలోని కేబులు జాయింటు చెడి, తీగకును నేలకును నడుమ 100 ఓముల నిరోధము మాత్రమే మిగిలినదనుకొనుడు. ఫేజుకును నేలకును మధ్య 240 వోల్టులు గావున 2.4 ఆంపియర్లు నేలలోనికి పోవును. స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే మోటారు మితిమీరిన భారము లాగినపుడు ఆపుటకు ఏర్పడినది. ఈ 2.4 ఆంపియర్లు దాని దృష్టికి రావు. కాని దానివలన 576 వాట్ల వేడి, ఒక చిన్న ఇస్త్రీ పెట్టెలో పుట్టునంత వేడి, ఆ జాయింటు పరిసరములలోనే రేయింబవళ్ళు పుట్టుచుండును. జాయింటు కాలుచు పోయి, కొన్నాళ్ళకు ఫేజునకు ఫేజు తగిలి, చివరకు వైండింగు కాలును. అప్పుడు ఒక జాయింటుతో పోవలసిన ఖర్చు మోటారు మొత్తమునకు వచ్చును. డ్రైవు ఆ జబ్బును తొలిదశలోనే పట్టుకొన్నది. దానిని తప్పించి స్టార్టరుకు కలిపిన రైతు జబ్బును కుదుర్చలేదు, జబ్బు చెప్పిన వైద్యుని వెళ్ళగొట్టినాడు.

ఇచ్చట మరియొక సంగతి రైతులు బాగుగ మనసున నుంచుకొనవలెను. డ్రైవులోని ఎర్తు ఫాల్టు రక్షణ ఆ పెట్టెను కాపాడుటకు ఏర్పడినదే గాని మనిషి ప్రాణమును కాపాడుటకు కాదు. అది ఆంపియర్ల లెక్కన పట్టును. మనుష్యుల రక్షణకై అమర్చు ఆర్.సి.సి.బి. 30 మిల్లీ ఆంపియర్లకే, అనగా ఆంపియరులో నూటికి మూడు వంతులకే, లైను తెంచును. పై లెక్కలోని 2.4 ఆంపియర్లు దానికి 80 రెట్లు. కాబట్టి పెట్టె ఆగలేదు గనుక షాకు రాదని ఎన్నడును తలపరాదు. ఇండ్లలో వాడు సాధారణపు ఆర్.సి.సి.బి.ని డ్రైవునకు ముందు పెట్టిన ప్రయోజనము లేదు. అది అకారణముగా తెగుచుండును, లేదా డి.సి. లీకేజిని గుర్తింపక ఊరకుండును. మూడు ఫేజుల డ్రైవులకు 'బి' రకమని విడిగా దొరకును, అది అడిగి తీసికొనవలెను.

ఎర్తు తీగ ఊడదీయుట అన్నిటికంటె చెడ్డ పని. మోటారు నీటిలో నున్నది. ఆ నీరే దానికి ఎర్తు. పైన తీగ కోసినంత మాత్రమున లోపలి లీకేజి ఆగదు. తెగినది షెడ్డులోని ఇనుప పెట్టెకును బోరు మూతికిని ఉన్న రక్ష మాత్రమే. దోషము అటు తిరిగిన దినమున పెట్టె తలుపు మీద చేయి వేసిన వారికి దెబ్బ తగులును. బోరు చుట్టు తడి నేల యుండును గావున పశువులకు ఇంకను ప్రమాదము. ముందుకాళ్ళకును వెనుకకాళ్ళకును మధ్య ఎడము ఎక్కువ గనుక నేలలో పారు కరెంటు మనిషి కంటె ఎద్దును ముందుగా పట్టును.

ఎప్పుడు ఆగుచున్నదో గమనించుట

ఏ పరికరమును చేతికి తీసికొనక ముందే కొంత తెలిసికొనవచ్చును. పెట్టె చూపిన గుర్తును, అప్పటి వేళను కాగితము మీద వ్రాసికొనవలెను. ఒక్కొక్క కంపెనీ గుర్తులు ఒక్కొక్క విధముగా నుండును గావున దానితో వచ్చిన పుస్తకమును చూచియే అర్థము చెప్పుకొనవలెను. పొరుగువాని పెట్టె గుర్తు మన పెట్టెకు పనికిరాదు.

మీట నొక్కిన వెంటనే ఆగినచో ఇన్సులేషను పూర్తిగా పోయినదని గాని, పెట్టెలోని స్విచ్చులే చెడినవని గాని ఊహింపవచ్చును. పది ఇరువది నిమిషములు నడచి ఆగుచున్నచో వేడితో సంబంధము గలదు. ఇన్సులేషను నిరోధము వేడిమి ప్రతి 10 డిగ్రీలు పెరిగినపుడు సుమారు సగమునకు తగ్గును. చల్లగా నున్నపుడు గట్టిగా కనబడిన వైండింగు వేడెక్కినప్పుడు లొంగిపోవచ్చును. అట్టి మోటారును ఆగిన వెంటనే, చల్లారక ముందే పరీక్షింపవలెను. సౌర పంపుసెట్టు ఉదయము నడచి మధ్యాహ్నము ఎండ ముదిరినప్పుడు ఆగుచున్నచో కూడ ఇన్సులేషను బలహీనమైనదనుటకు గుర్తు. వేగముతో పాటు మోటారునకు పోవు వోల్టేజియు పెరుగును గదా.

వాన కురిసిన మరునాడును, మంచు పడిన ఉదయములందును మాత్రమే ఆగి, ఎండ కాసిన తరువాత తనంతట తాను కుదుటపడుచున్నచో మోటారును ముట్టుకొననే వద్దు. బోరు అడుగున మోటారు ఏడాది పొడుగునను నీటిలోనే యున్నది. దానికి వానయు మంచును ఏమి తెలియును? దోషము నేలపైననే, తడియగు చోటనే యుండును. చిత్తూరు జిల్లాలోని మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వంటి చోట్ల కూడ ఇదే సూత్రము: యంత్రములను నీటితో కడిగిన తరువాత డ్రైవు ఆగినచో మొదట చూడవలసినది మోటారు మీది టెర్మినల్ పెట్టెలోనికి నీరు చొచ్చినదా యనియే.

విడదీసి చూచుట

ఈ పని లైసెన్సుగల ఎలక్ట్రీషియను చేతనే చేయింపవలెను. రైతు ప్రక్కన నిలిచి వరుస తప్పకుండ చూచుకొనినచో చాలును. మెయిను ఆపి, ఫ్యూజులు తీసిన తరువాత కూడ పెట్టె లోపలి కెపాసిటర్లలో ప్రాణము తీయునంత కరెంటు నిలిచియుండును. పెట్టె మీద వ్రాసినంత సేపు, వ్రాత చెరిగిపోయినచో కనీసము 10 నిమిషములు ఆగి, డి.సి. వోల్టేజి దిగినదని మీటరుతో చూచిన పిదపనే చేయి పెట్టవలెను. సౌర పంపుసెట్టులో డి.సి. ఐసొలేటరు కూడ తిప్పవలెను. ఎండ యున్నంతవరకు పలకల తీగలలో కరెంటు ఉండనే యుండును. దానిని ఆపు మీట లేదు. మోటారు నడచుచుండగా పలకల కనెక్టరును లాగినచో డి.సి. నిప్పు సాగి చేయి కాలును.

పిమ్మట పెట్టె నుండి మోటారునకు పోవు మూడు తీగలను విప్పవలెను. వాని కొనలను కప్పి, తీగలు లేకుండ పెట్టెను ఒకసారి నడిపి చూడవలెను. అప్పుడును ఎర్తు ఫాల్టు అనియే చూపినచో తప్పు పెట్టెలోనే యున్నది. కరెంటును కొలుచు భాగమో స్విచ్చులో చెడియుండును. దానిని కంపెనీ వారికి పంపవలసినదే. మోటారు లేదని మరియొక గుర్తు చూపినచో భయపడనక్కర లేదు, అది సహజము. ఏ దోషమును చూపక నడచినచో పెట్టె బాగున్నది. గండి కేబులులోనో మోటారులోనో ఉన్నది.

ఇచ్చట తొందరపడి బండిని పిలువరాదు. బోరు మూతి దగ్గర షెడ్డు కేబులును బోరులోనికి దిగు కేబులును కలిపిన జాయింటు ఉండును. దానిని విప్పి రెండు ముక్కలను వేరువేరుగా పరీక్షింపవలెను. షెడ్డు నుండి వచ్చు ముక్క ఒకటే నేలకు కలియుచున్నచో పని సులువు. గట్టు చెక్కునపుడు పార తగిలినదో, మల్చింగు కాగితము పరచుటకై మడి దున్నినపుడు నాగలి తగిలినదో, ఎలుక కొరికినదో చూడవలెను. గొట్టము లేకుండ కేబులును వట్టి నేలలో పూడ్చు అలవాటు ఈ ప్రాంతమున ఎక్కువగా నున్నది. నాలుగు పైపులు కొనుటకు వెనుకాడి, ఏటికొకసారి తవ్వుకొనుట నాకు తెలివిగల పొదుపుగా తోచదు. బోరు మూతి వద్ద కేసింగు అంచున కేబులు ఒరసి తెగినదేమో కూడ చూడవలెను. ఆ అంచునకు ఒక రబ్బరు ముక్క కట్టినచో ఈ దోషము రానేరాదు.

మెగ్గరు పరీక్ష

పరీక్షింపవలెనన్న మాటకు టెస్టరు స్క్రూడ్రైవరుతో తాకి చూచుట అని అర్థము కాదు. డ్రైవు తీగల పక్కన ఆ బల్బు దోషము లేకున్నను వెలుగును. సాధారణపు మీటరులోని ఓముల కొలత కూడ చాలదు. అది తొమ్మిది వోల్టుల బ్యాటరీతో కొలుచును, దోషము 240 వోల్టుల ఒత్తిడికి గాని బయటపడదు. 500 వోల్టుల మెగ్గరు కావలెను.

మెగ్గరు పెట్టుటకు ముందు మూడు తీగలను డ్రైవు నుండి పూర్తిగా విడదీసితిరా యని రెండవసారి చూచుకొనవలెను. విడదీయక మెగ్గరు త్రిప్పినచో 500 వోల్టులు పెట్టెలోని స్విచ్చులలోనికి పోయి వానిని చెడగొట్టును. జాయింటు దోషమును వెదకబోయి పెట్టెను పోగొట్టుకొనుట ఈ విధముగనే జరుగును. ఈ జాగ్రత్త తెలియని మెకానిక్కులు స్టార్టరు కాలము నాటి అలవాటున నేరుగా మెగ్గరు పెట్టుదురు, రైతే అడ్డుకొనవలెను.

ఒక ముల్లు తీగకును మరియొకటి ఎర్తునకును పెట్టి ఒక నిమిషము ఆగి చదువవలెను. మూడు తీగలును మోటారు లోపల కలిసియుండుటచే మూడింటికి ఒకే కొలత వచ్చును. "మూడు ఫేజులును ఒకేసారి పోయినవి" అని మెకానిక్కు చెప్పినచో నమ్మరాదు; ఒకటి పోయినను మూడును అట్లే చూపును.

కొలతకు అర్థము చెప్పుకొను తీరు ఇది. బోరులో నీటిలో నున్న మోటారు, కేబులు కలిపి 2 మెగోములు గాని అంతకు మించి గాని చూపినచో చాల బాగున్నది. అర మెగోము నుండి 2 వరకు చూపినచో నడపవచ్చును గాని కనిపెట్టి యుండవలెను. అర మెగోమునకు దిగువ పోయినచో ఇన్సులేషను దెబ్బతిన్నది, ఎచ్చటనో వెదకవలెను. 0.02 మెగోము, అనగా 20,000 ఓముల క్రిందికి దిగినచో ఇక మాట లేదు, మోటారు పైకి రావలసినదే. పైకి తీసి కేబులు లేకుండ ఒక్క మోటారునే కొలిచినపుడు లెక్క వేరు: వాడిన మోటారు మరల దింపుటకు 10 మెగోములైనను ఉండవలెను, క్రొత్తదానికి 200 మించి యుండును. ఈ రెండు లెక్కలను కలిపివేసి, బోరులో 5 మెగోములు చూపిన మంచి మోటారును పైకి లాగించి కష్టపడరాదు.

ఒక్క కొలత కంటె కొలతల వరుస మేలు. పోయిన సంవత్సరము 50, ఆరు నెలల క్రింద 12, నేడు 3 అయినచో నేటి కొలత మంచిదే గాని మోటారు మంచిది కాదు. అట్టివానిని పైరు లేని దినములలో మన వీలునుబట్టి తీసి చూచుకొనుట ఉత్తమము.

పైకి తీసిన తరువాత

పైపులు తీయునపుడే కేబులు మొత్తమును వ్రేళ్ళ మధ్య జారనిచ్చుచు చూడవలెను. మన బోరులకు కేసింగు పై భాగమున మెత్తని పొర యున్నంత వరకే. ఆ దిగువ అంతయు వట్టి రాయి. మోటారు మొదలైనప్పుడెల్ల పైపు ఒక కుదుపు తిరుగును, కేబులు రాతిని ఒరయును. పైపునకు కేబులు గట్టిగా కట్టనిచోట ఈ రాపిడి కనబడును. డ్రైవు మోటారును మెల్లగా నెత్తుకొనును గావున కుదుపు తగ్గును. ఇది డ్రైవు వలన కలుగు మంచి.

మోటారు పైనున్న జాయింటును కోసి, మోటారును కేబులును వేరుగా మెగ్గరు పెట్టవలెను. మోటారు బాగుండి కేబులే చెడినచో, దోషమున్న చోటు కనుగొనుటకు ఒక సులువైన ఉపాయము కలదు. కేబులు కొనలు రెండును పైకి ఉంచి, తక్కిన చుట్టను నీళ్ళ తొట్టిలో ముంచవలెను. మెగ్గరు ఒక ముల్లు తీగకు, రెండవది తొట్టి నీటిలోనికి. కొలత తక్కువగా నుండును. ఇక కేబులును కొంచెము కొంచెముగా నీటి నుండి పైకి తీయుచు పోవలెను. ఎచ్చట కొలత ఒక్కసారిగా పైకి లేచునో ఆ మూర నీటి బయటికి వచ్చినదన్నమాట. రంధ్రము అచ్చటనే యున్నది. కంటికి కనబడని సూది బెజ్జము కూడ ఈ విధముగా దొరకును. కేబులును తాకునపుడు మాత్రము మెగ్గరు త్రిప్పరాదు.

నీటిలోని జాయింటునకు మామూలు టేపు చుట్టి ముగించుట మన మెకానిక్కుల అలవాటు. మూడు తీగల జాయింట్లు ఒకదాని ప్రక్కన ఒకటి గాక మెట్లు మెట్లుగా వేసి, నీటిలో వాడు జాయింటు కిట్టుతో మూయించి, తొట్టిలో కొంతసేపు నాననిచ్చి, మెగ్గరు చూచిన పిదపనే దింపింపవలెను.

దోషము లేకున్నను ఆగుట

మెగ్గరు బాగున్నది, పెట్టె బాగున్నది, అయినను ఆగుచున్నది. లోతు బోరులలో ఇట్లు కలుగుట వింత కాదు. మన పొరుగుననున్న కోలారు బంగారు గనులకు 1902లో కావేరి మీది శివసముద్రము నుండి సుమారు 147 కిలోమీటర్ల లైను వేసి విద్యుచ్ఛక్తి తెచ్చిరి. ఆ తీగలు గాలిలో ఎడమెడముగా నుండెను. మన బోరులోని కేబులు 300 మీటర్లే గాని మూడు తీగలు ఒకదానినొకటి అంటుకొని, నీటిలో వ్రేలాడుచున్నవి. తీగయు, దాని చుట్టునున్న పొరయు, బయటి నీరును కలిసి ఒక పెద్ద కెపాసిటరు వలె పనిచేయును. డ్రైవు సెకనుకు వేల సార్లు కోసి పంపు కరెంటులో కొంత, పొర చెక్కుచెదరకున్నను, ఆ కెపాసిటరు ద్వారా నేలకు పోవును. పెట్టె దానిని గండియని భ్రమించును.

దీనిని తెలిసికొను మార్గము తేలిక. కోయు వేగమును, అనగా క్యారియరు ఫ్రీక్వెన్సీని, 8 కిలో హెర్ట్జులు ఉన్నచో 3కు గాని 2కు గాని తగ్గింపించి చూడవలెను. మోటారు కొంచెము కూత పెట్టును, అది దోషము కాదు. ఆగుట మానినచో కారణము కేబులు పొడవే. శాశ్వతముగా కుదురుటకు పెట్టెకును కేబులునకును మధ్య అవుట్‌పుట్ చోకు గాని ఫిల్టరు గాని పెట్టింపవలెను. దీనివలన ఇంకొక లాభమును గలదు. పొడుగు కేబులు చివరన డ్రైవు తునుకలు గోడకు తగిలిన అల వలె వెనుకకు మరలి, మోటారు వద్ద వోల్టేజిని సుమారు రెట్టింపు చేయును. 585 వోల్టులకు బదులు వెయ్యికి పైబడిన దెబ్బలు వైండింగునకు తగులుచుండును. స్టార్టరు కొరకు తయారైన పాత మోటారునకు డ్రైవు తగిలించి, ఫిల్టరు లేక నడిపిన రైతు ఏడాది తిరుగకమునుపే మోటారు పోయినదని వాపోవుట ఇందువలననే. డ్రైవు అమ్మువారు ఫిల్టరు మాట తమంతట తాము చెప్పరు. కేబులు పొడవు ఎన్ని మీటర్లో చెప్పి రైతే అడుగవలెను. ఎర్తు ఫాల్టు హద్దును పెంచి, లేదా ఆ రక్షణనే ఆపివేసి "బాగుచేసితిమి" అను వారిని మాత్రము షెడ్డు దరికి రానీయరాదు.

సౌర పంపుసెట్లలో విశేషము

లైను కరెంటులో ట్రాన్స్‌ఫార్మరు వద్ద న్యూట్రలు నేలకు కలిసియుండును. అందువలన ఒక్క గండి పడినను కరెంటు పారును. సౌర పలకల కరెంటు సాధారణముగా నేలతో సంబంధము లేకుండ తేలియాడుచుండును. కేబులు జాయింటు ఒకచోట నేలకు తగిలినను తిరిగి పోవుటకు దారి లేదు గావున ఏమియు జరుగనట్లే యుండును. రెండవ గండి పలకల వైపున పడిన దినమున వలయము పూర్తియగును. ఉదాహరణకు, బోరులో జాయింటు చెడి మూడు నెలలైనది, ఎవరికిని తెలియదు. మార్గశిర మాసమున మంచు పడి పలకల క్రింది ఒక తీగ తడిసినది, పెట్టె ఆగినది. రైతు పలకల తీగను మార్పించి సంతోషించును. మొదటి దోషము బోరులో అట్లే పొంచియుండును. కాబట్టి సౌర పంపుసెట్టు వారు పలకల వైపు తప్పు దొరికినను బోరు వైపు కూడ ఒకసారి మెగ్గరు పెట్టించి చూచుకొనవలెను.

పలకల వరుసలో ఎన్నవ పలక వద్ద తప్పున్నదో లెక్కచేసి చెప్పవచ్చును. వరుసను పెట్టె నుండి విడదీసి, ప్లస్సు నుండి ఎర్తునకును, మైనసు నుండి ఎర్తునకును డి.సి. వోల్టేజి కొలువవలెను. దోషము లేనిచో రెండును మెల్లగా సున్న వైపు దిగిపోవును. దోషమున్నచో నిలకడగా నిలుచును. 45 వోల్టుల పలకలు 15 ఒకే వరుసలో నున్నచో మొత్తము 675 వోల్టులు. ప్లస్సు నుండి 450, మైనసు నుండి 225 చూపినచో, 225ను 45చే భాగింపగా 5. మైనసు కొన నుండి ఐదవ పలకకును ఆరవ పలకకును నడుమ తీగ ఒరిసి ఇనుప చట్రమునకు తగిలినదని తెలియును. ఈ కొలత 1,000 వోల్టుల డి.సి.కి తగిన మీటరుతో, చేతి తొడుగులతో, ఎలక్ట్రీషియను చేయవలసినదే గాని రైతు చేయరాదు. లెక్క మాత్రము రైతు వేయవచ్చును.

పైరును నిలబెట్టుట

దోషము వెదకు రెండు మూడు దినములలో పైరును ఎట్లు కాపాడుకొనవలెనన్నది వేరు ప్రశ్న. మన ఎర్ర ఇసుక గరప నేలలు నీటిని ఎక్కువ దినములు పట్టి యుంచవు. వేసవిలో పిందె పట్టిన టమాటాకు నాలుగైదు దినములు నీరు తప్పి, పిమ్మట ఒక్కసారిగా పారించినచో కాయలు పగులును. కాయ అడుగు నల్లబడి కుళ్ళుటయు నీటి ఒడుదుడుకుల వలన హెచ్చును. అందుచే పొరుగు బోరు నుండి కొద్దిపాటి నీరు దొరికినను తోటంతటికి పంచక, పూత పిందె మీదనున్న మళ్ళకు ముందుగా ఇయ్యవలెను. ఇంకను ఎదుగు దశలోనున్న మొక్కలు కొంత ఓర్చుకొనగలవు. మోటారు బాగైన దినమున ఒకే పూట ముంచివేయక, డ్రిప్పు గంట చొప్పున రెండు పూటల ఇచ్చుచు మూడు దినములలో మామూలు మోతాదునకు తేవలెను. మల్బరీకి ఇంత తొందర లేదు, కాని పురుగు నాలుగవ జ్వరము దాటి ఆకు ఎక్కువగా కావలసిన వేళ అయినచో దానికే మొదటి వంతు.

క్రొత్త మోటారు దింపించిన దినముననే, పెట్టెకు కలుపక మునుపు, మెగ్గరు కొలతను వ్రాయించుకొనవలెను. బోరు లోతు, మోటారు దింపిన అడుగులు, కేబులు పొడవు మీటర్లలో, జాయింట్లు ఎన్ని, ఎచ్చటెచ్చట, క్యారియరు ఫ్రీక్వెన్సీ ఎంత అను వివరములు కూడ దాని క్రింద చేర్చి, ఆరు నెలలకొకసారి తీయు కొలతలకు చోటు విడిచి, ఆ కాగితమును పెట్టె తలుపు లోపలి వైపున అంటించి యుంచవలెను.